గ్యాస్ ఉన్నంతకాలం ఎవరూ అడగని గుణం: స్ట్రాబెరీ రకాలు, తెగుళ్ళు, డబ్బు లెక్కలు

సంక్షిప్తంగా: కాలిఫోర్నియా స్ట్రాబెరీ పొలాలు దాదాపు అర్ధ శతాబ్దం మిథైల్ బ్రోమైడ్ అనే గ్యాస్‌ను నమ్ముకున్నాయి. నేల తెగుళ్ళ సంగతి గ్యాస్ చూసుకోవడంతో, కొత్త రకాలు తయారుచేసేవాళ్ళు దిగుబడి, పండు గట్టిదనం మీద పడ్డారు. ఓజోన్ ఒప్పందం కారణంగా ఆ గ్యాస్ పోయాక తెగులును తట్టుకునే గుణానికి విలువ వచ్చింది. ఆ విలువ ఎవరు చెల్లించాలి, ఆ గుణం ఎవరి చేతిలో ఉండాలి అన్నవి ఇంకా తేలని ప్రశ్నలు. భారత్‌లో సమస్య కొంచెం వేరు. ఇక్కడ అసలు చిక్కు రాయల్టీ కాదు, నాటే మొక్క ఆరోగ్యం.

డేవిస్‌లోని యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా 2023లో ఒకేసారి ఐదు స్ట్రాబెరీ రకాలను విడుదల చేసింది: యూసీ ఎక్లిప్స్, గోల్డెన్ గేట్, కీస్టోన్, మోనార్క్, సర్ఫ్‌లైన్. ఐదూ ఫ్యుజేరియం ఎండు తెగులును తట్టుకుంటాయి. నేలలోని శిలీంధ్రం వేరు గుండా మొక్కలోకి చేరి, నీరు ఎక్కే గొట్టాలను మూసేసి, కాపు మీదున్న మొక్కను నిలువునా ఎండబెట్టే తెగులు ఇది. కంది, శనగ, అరటి రైతులకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు.

ఇదే విశ్వవిద్యాలయం 1930ల నుంచి స్ట్రాబెరీ రకాలు తయారుచేస్తోంది. అలాంటప్పుడు నేల తెగుళ్ళే లక్ష్యంగా రకాలు రావడానికి ఇంతకాలం ఎందుకు పట్టింది? సైన్స్ ఆలస్యమైందని కొందరంటారు. అందులో కొంత నిజం ఉంది. స్ట్రాబెరీ కణంలో క్రోమోజోముల సెట్లు ఎనిమిది, మొత్తం 56 క్రోమోజోములు. ఈ చిక్కుముడి జన్యుపటం పూర్తి స్థాయిలో 2019లో గానీ రాలేదు. ఫ్యుజేరియం ఎండు తెగులు కాలిఫోర్నియాలో బయటపడింది కూడా 2006లోనే. అయితే వర్టిసిలియం అనే మరో ఎండు తెగులు అక్కడ దశాబ్దాలుగా ఉంది. దాని మీద కూడా రకాల తయారీ నత్తనడక నడిచింది. కాబట్టి కారణం ప్రయోగశాలలో కన్నా రైతు ఖర్చుల పుస్తకంలో ఎక్కువ కనిపిస్తుంది.

గ్యాస్ చేసిన పని

అమెరికా స్ట్రాబెరీల్లో సుమారు 90 శాతం కాలిఫోర్నియావే. వాట్సన్‌విల్, సాలినాస్, శాంటా మరియా, ఆక్స్‌నార్డ్ చుట్టుపక్కల సముద్ర తీరపు పొలాల్లో పండుతాయి. చల్లని సముద్ర గాలి వల్ల అక్కడ నెలల తరబడి కోత కోయొచ్చు. అయితే అలాంటి నేల కొంచెమే, కౌలు చాలా ఎక్కువ. అందుకే అదే నేలలో మళ్ళీ మళ్ళీ స్ట్రాబెరీ వేస్తారు, లేదంటే లెట్యూస్ లాంటి కూరగాయలతో మారుస్తారు. ఇక్కడ ఇంకో ఇబ్బంది: వర్టిసిలియం లెట్యూస్‌నూ పట్టుకుంటుంది. ఆ పంట మార్పిడి వల్ల కౌలు డబ్బు వస్తుంది గానీ నేల శుభ్రపడదు.

1950, 60 దశకాల్లో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు దీనికి రసాయన పరిష్కారం చూపించారు. నాటే ముందు పొలం మొత్తం ప్లాస్టిక్ షీటు కప్పి, మిథైల్ బ్రోమైడ్, క్లోరోపిక్రిన్ కలిపి నేలలోకి ఎక్కించడం. శిలీంధ్రాలు, నులిపురుగులు, కలుపు విత్తనాలు అన్నీ ఒక్క దెబ్బకు పోయేవి. 1950ల తొలినాళ్ళలో ఎకరాకు ఐదారు టన్నులున్న సగటు దిగుబడి ఇటీవలి దశాబ్దంలో 30 టన్నుల దరిదాపుల్లో ఉంది. ఈ పెరుగుదల అంతా గ్యాస్ పుణ్యమే కాదు. మంచి రకాలు, డ్రిప్, ప్లాస్టిక్ మల్చింగ్ కూడా కలిశాయి. కానీ ఆ మంచి రకాలు తమ సత్తా చూపించింది గ్యాస్ పట్టించిన నేలలోనే.

ఆ రకాల్లో పెద్ద మలుపు రోజు పొడవుతో సంబంధం లేకుండా పూసే గుణం. డేవిస్ శాస్త్రవేత్త రాయిస్ బ్రింగ్‌హర్స్ట్ యూటా రాష్ట్రంలోని వాసాచ్ కొండల్లో దొరికిన అడవి స్ట్రాబెరీ నుంచి ఈ గుణాన్ని తోట మొక్కలోకి తెచ్చాడు. వాటితో వచ్చిన రకాలు 1980 ప్రాంతం నుంచి రైతుల చేతికి అందాయి. కొన్ని వారాల పంట కాస్తా వసంతం నుంచి శరదృతువు దాకా సాగే పంటయింది. అడవి మొక్కల్లో తెగులును తట్టుకునే గుణాల కోసమూ వెతకొచ్చు. కానీ ఎక్కువ రోజులు పూసే గుణం తెచ్చిన ఆదాయంతో అవి పోటీ పడలేకపోయాయి.

వంద రూపాయల లెక్క

ఎందుకు పోటీ పడలేదో ఒక ఊహాత్మక లెక్కతో తేలిగ్గా అర్థమవుతుంది. కింది అంకెలు వివరణ కోసం వేసుకున్నవి మాత్రమే.

తెగులు రాని పొలంలో ఎక్కువ దిగుబడి రకం వంద రూపాయలు ఇస్తుందనుకుందాం. తెగులు వస్తే అదే రకం 60 ఇస్తుంది. తట్టుకునే రకం దిగుబడి కాస్త తక్కువ కాబట్టి, తెగులున్నా లేకున్నా 92 ఇస్తుంది. గ్యాస్ లేకుండా తెగులు వచ్చే అవకాశం 30 శాతమైతే మొదటి రకం సగటు రాబడి 88. అంటే తట్టుకునే రకానిదే పైచేయి. ఇప్పుడు ఐదు రూపాయల గ్యాస్ కొడితే తెగులు అవకాశం 2 శాతానికి పడిపోతుందనుకుందాం. మొదటి రకం రాబడి ఖర్చు పోను 94 దాటుతుంది. తట్టుకునే రకం ఓడిపోయింది. మొక్కలో ఏ మార్పూ లేదు, పక్కన ఉన్న గ్యాస్ చవక, అంతే తేడా.

అసలు ఖర్చులు కూడా ఈ దిశనే చూపిస్తాయి. కాలిఫోర్నియాలో ఎకరా స్ట్రాబెరీకి పెట్టుబడి పదుల వేల డాలర్లు. అందులో అతి పెద్ద భాగం కోత కూలీ, ప్యాకింగ్. నేలకు గ్యాస్ పట్టించే ఖర్చు మొత్తంలో పదో వంతు కూడా ఉండదు. అంత పెట్టుబడి పెట్టే రైతుకు ఆ ఖర్చు బీమా ప్రీమియం లాంటిది. పైగా చాలామంది కౌలుదార్లు. పదేళ్ళలో నేల ఆరోగ్యం ఎలా ఉంటుందన్నది వాళ్ళ లెక్కలోకి రాదు, ఈ సీజన్ గట్టెక్కడమే ముఖ్యం. అప్పిచ్చేవాళ్ళదీ అదే వరస.

ఇంకో పీటముడి ఉంది. దిగుబడి పెరిగితే రైతు తన కళ్ళతో చూస్తాడు, పండు గట్టిగా ఉంటే వేల కిలోమీటర్లు లారీలో పంపే వ్యాపారి గుర్తిస్తాడు. తెగులు రాకపోవడం ఎవరికీ కనపడదు. కనపడని దానికి మొక్క ధరలో అదనంగా పైసా రాబట్టడం కష్టం.

కంది చేను దీనికి సరిగ్గా వ్యతిరేక ఉదాహరణ. కందిలో ఎండు తెగులు తెచ్చేది కూడా ఫ్యుజేరియం జాతే. కానీ ఎకరా కంది మీద వచ్చే ఆదాయంతో నేలకు గ్యాస్ పట్టించడం ఊహకు కూడా అందదు. రసాయన దారి మొదటి రోజు నుంచే మూసుకుపోయింది కాబట్టి విత్తనం మీదే పని జరిగింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ఎండు తెగులును తట్టుకునే మారుతి, ఆశ రకాలను 1980, 90 దశకాల్లోనే రైతులకు అందించింది. ప్రజాధనంతో జరిగిన పరిశోధన, రాయల్టీ గొడవ లేదు. డబ్బు ఎక్కువగా తిరిగే పంటకు తెగులు నిరోధం ఆలస్యంగా రావడం, మెట్ట పంటకు ముందు రావడం వింతగా తోస్తుంది గానీ, పై లెక్క చూస్తే అది సహజమే.

రకం ఎవరిది, రాయల్టీ ఎవరికి

స్ట్రాబెరీని పొలంలో విత్తనంతో పెంచరు. తల్లి మొక్క నుంచి నేల మీద పాకే రన్నర్లకు పుట్టే పిల్ల మొక్కలనే నాటుతారు. ప్రతి పిల్లా తల్లికి జన్యుపరంగా నకలు. అందుకని నకలు తీయడం చాలా తేలిక, కొత్త రకం తయారుచేయడం మాత్రం ఏళ్ళ తరబడి సాగే పని. ఏటా వేల మొలకలు పెంచి, రుచి చూసి, పారేసి, చివరికి ఒకటో రెండో మిగుల్చుకోవాలి. ఈ అసమానత కారణంగానే అమెరికాలో 1930 నాటి మొక్కల పేటెంట్ చట్టం ఈ పరిశ్రమకు ఆయువుపట్టయింది. పేటెంట్ ఉన్న 20 ఏళ్ళూ నర్సరీ అమ్మే మొక్కల సంఖ్యను బట్టి రాయల్టీ కట్టాలి.

దీని మీద రెండు వ్యాపార పద్ధతులు ఎదిగాయి. ఒకటి విశ్వవిద్యాలయం పద్ధతి. రకాన్ని నర్సరీలకు లైసెన్స్ ఇస్తుంది, ఏ రైతైనా కొనుక్కోవచ్చు. సొంత రాష్ట్ర రైతులకు రాయల్టీ తక్కువ, బయటివాళ్ళకు ఎక్కువ. కామరోసా, ఆల్బియన్, శాన్ ఆండ్రియాస్ లాంటి రకాలు ఇలాగే స్పెయిన్ దాకా వెళ్ళాయి. రెండోది డ్రిస్కాల్స్ కంపెనీ పద్ధతి. దాని మూలం కూడా విశ్వవిద్యాలయమే. 1940ల మధ్యలో హెరాల్డ్ థామస్, ఎర్ల్ గోల్డ్‌స్మిత్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు బయటికి వచ్చి ప్రైవేటు రంగంలో రకాల తయారీ మొదలుపెట్టారు. డ్రిస్కాల్స్ రకాలు బహిరంగ మార్కెట్లో దొరకవు. ఒప్పందం కుదిరిన రైతు పెంచి, పండును ఆ కంపెనీకే ఇవ్వాలి. ఇక్కడ రకం అంటే అమ్మే సరుకు కాదు, రైతును, పండును ఒకే గొలుసులో ఉంచే తాళం.

మొదటి పద్ధతిలో రాయల్టీ మొక్కల సంఖ్యను బట్టి వస్తుంది కాబట్టి ఎక్కువ ఎకరాల్లో నాటే రకమే లాభం. తెగులున్న పొలాల్లో మాత్రమే ఆదుకునే రకం ఎంత మేలు చేసినా తక్కువ మొక్కలు అమ్ముతుంది. రెండో పద్ధతిలో పండు అమ్మకం మీద లాభం కాబట్టి రుచికి, ఆకారానికి డబ్బు వస్తుంది. తెగులు నిరోధానికి ఈ రెంటిలోనూ నేరుగా కూలి కట్టేవాళ్ళు లేరు.

మొక్కల సేకరణ ఎవరిదన్న తగువు కోర్టుకెక్కింది కూడా. విశ్వవిద్యాలయం ఈ కార్యక్రమాన్ని వదిలేస్తుందేమోనన్న భయంతో రైతుల డబ్బుతో నడిచే కాలిఫోర్నియా స్ట్రాబెరీ కమిషన్ 2013లో దావా వేసింది. మరుసటి ఏడు ప్రధాన శాస్త్రవేత్తలు డగ్లస్ షా, కర్క్ లార్సన్ బయటికి వెళ్ళి కాలిఫోర్నియా బెర్రీ కల్టివర్స్ అనే కంపెనీలో చేరారు. తాము దశాబ్దాలపాటు తీర్చిదిద్దిన మొక్కలు తమకూ కావాలన్నారు. 2017లో జ్యూరీ విశ్వవిద్యాలయం వైపు తీర్పు చెప్పింది, అదే ఏడాది రాజీ కుదిరింది. ఈ లోగా 2015లో స్టీవ్ న్యాప్ అనే శాస్త్రవేత్త విశ్వవిద్యాలయ కార్యక్రమం పగ్గాలు చేపట్టాడు. ఈ తగువులో ఎవరిది న్యాయం అన్నది పక్కన పెడితే, మిథైల్ బ్రోమైడ్‌కు ఆఖరి గడువు ముంచుకొస్తున్న సంవత్సరాల్లోనే రకాల తయారీ కేంద్రం ఇలా కుదుపులకు లోనవడం రైతులకు ఖరీదైన యాదృచ్ఛికం.

గ్యాస్ పోయాక

మిథైల్ బ్రోమైడ్ ఓజోన్ పొరను దెబ్బతీస్తుంది. 1992లో దాన్ని మాంట్రియల్ ఒప్పందం పరిధిలోకి తెచ్చారు. సంపన్న దేశాలకు గడువు 2005. ప్రత్యామ్నాయం లేదంటూ అమెరికా ఏటా మినహాయింపులు తెచ్చుకుంది. కాలిఫోర్నియా పండ్ల తోటలకు ఆఖరి మినహాయింపు 2016తో ముగిసింది. మధ్యలో మిథైల్ అయొడైడ్‌కు రాష్ట్రం 2010 డిసెంబరులో అనుమతి ఇచ్చింది. కూలీల ఆరోగ్యం మీద పెద్ద ఆందోళన రావడంతో తయారీ కంపెనీ 2012లో దాన్ని వెనక్కి తీసుకుంది. ఇప్పుడు వాడుతున్నది ఎక్కువగా క్లోరోపిక్రిన్, 1,3-డైక్లోరోప్రోపీన్. వాటి మీదా పరిమితులున్నాయి. బడులకు, ఇళ్ళకు ఇంత దూరం ఉండాలి, ఒక ప్రాంతంలో ఇంతకు మించి వాడకూడదు అని.

గ్యాస్ మారినప్పుడు వాడే తీరు కూడా మారింది. పొలం మొత్తానికి కాకుండా డ్రిప్ పైపుల ద్వారా బోదెలకు మాత్రమే మందు ఎక్కించడం పెరిగింది. ఖర్చు తగ్గింది గానీ బోదెల అంచుల్లో, కాలువల్లో శిలీంధ్రం బతికి బయటపడింది. ఈ మార్పు సాగుతున్న రోజుల్లోనే, 2000ల మధ్యలో, ఫ్యుజేరియంతో పాటు మాక్రోఫోమినా కూడా తలెత్తింది. మన దగ్గర జొన్నలో బొగ్గు కుళ్ళు తెచ్చేది ఈ శిలీంధ్రమే. వేడి, నీటి ఎద్దడి ఉన్నప్పుడు ఇది రెచ్చిపోతుంది.

రసాయనం లేని దారులు లేకపోలేదు. నేలలో వరి తవుడు కలిపి, ప్లాస్టిక్ కప్పి, నీరు పెట్టి గాలి ఆడకుండా చేస్తే పులిసే క్రమంలో చాలా శిలీంధ్రాలు చస్తాయి. జపాన్, నెదర్లాండ్స్‌లో పుట్టిన ఈ పద్ధతిని సేంద్రియ రైతులు వాడుతున్నారు. కాకపోతే ఎకరాకు టన్నుల కొద్దీ తవుడు కావాలి, పైగా తవుడు తిని ఫ్యుజేరియం పెరిగే ప్రమాదం ఉంది. బ్రకోలీ వేసి దాని మోళ్ళు నేలలో కలియదున్నితే వర్టిసిలియం తగ్గుతుందని డేవిస్ శాస్త్రవేత్త కృష్ణ సుబ్బారావు బృందం చూపించింది. ఇది పనిచేస్తుంది, కానీ బ్రకోలీ మీద వచ్చే డబ్బుతో స్ట్రాబెరీ నేల కౌలు కట్టడం కష్టం.

ఆకు, పండు మీద వచ్చే తెగుళ్ళ లెక్క వేరు. బూడిద రంగు బూజు తెచ్చే బొట్రైటిస్ చాలా శిలీంధ్ర నాశకాలకు అలవాటుపడిపోయింది. ఫ్లోరిడాలో ఆకు ఎంతసేపు తడిగా ఉంది, ఉష్ణోగ్రత ఎంత అన్నది కొలిచి, అవసరమైన రోజే మందు కొట్టమని హెచ్చరించే వ్యవస్థ నడుస్తోంది. దాంతో పిచికారీలు బాగా తగ్గాయి, దిగుబడి తగ్గలేదు. మొక్కను మార్చకుండా సమాచారంతో ఖర్చు తగ్గించిన ఉదాహరణ ఇది. నేల తెగుళ్ళకు ఇంత సులువైన కిటుకు దొరకలేదు.

ఒక్క జన్యువు మీద భరోసా

ఫ్యుజేరియం విషయంలో శాస్త్రవేత్తలకు అదృష్టం కలిసొచ్చింది. ఎఫ్‌డబ్ల్యూ1 అనే ఒక్క జన్యువు ఉంటే చాలు, మొక్క తట్టుకుంటుంది. డీఎన్‌ఏ పరీక్షతో మొలక దశలోనే ఏరేయొచ్చు, తెగులు పొలంలో నాటి చూడాల్సిన పని లేదు. విశేషం ఏమిటంటే ఆ గుణం శాన్ ఆండ్రియాస్ లాంటి రకాల్లో ముందే ఉంది. వర్టిసిలియం, మాక్రోఫోమినాలకు ఇలాంటి సులువు లేదు. చిన్న చిన్న ప్రభావమున్న అనేక జన్యువులను కూడగట్టాలి. అందుకే ఒక తెగులుకు ఐదు రకాలు వచ్చినా మిగతావాటికి గ్యాసో, ప్రత్యామ్నాయమో వాడక తప్పడం లేదు.

ఒక్క జన్యువు మీద ఆధారపడటంలో ప్రమాదమూ ఉంది. ఎఫ్‌డబ్ల్యూ1ను దాటిపోయే రేస్ 2 అనే మరో ఫ్యుజేరియం తెగ కాలిఫోర్నియాలో ఇప్పటికే కనిపించింది. అందరూ అదే జన్యువున్న మొక్కలు నాటితే, దాన్ని ఛేదించిన శిలీంధ్రానికి రాష్ట్రమంతా మేత దొరుకుతుంది. దీన్ని ఆపాలంటే కొందరు వేరే నిరోధం ఉన్న రకాలు, బహుశా తక్కువ దిగుబడివి, వేయాలి. ఏ రైతుకూ విడిగా అది లాభం కాదు.

ఇక నర్సరీల సంగతి. పండ్ల తోటల్లో మిథైల్ బ్రోమైడ్ ఆగిపోయినా, మొక్కల రవాణాతో తెగుళ్ళు వ్యాపించకుండా చూసే క్వారంటైన్ మినహాయింపు కింద నర్సరీల్లో దాని వాడకం కొనసాగింది. తల్లి మొక్క ల్యాబ్‌లో మొదలై, లోయ నర్సరీల్లో పెరిగి, ఉత్తరాన చల్లని ఎత్తైన నేలల్లో చలి తగిలించుకుని తీరానికి చేరడానికి కొన్నేళ్ళు పడుతుంది. ఆ దారిలో ఒక్కచోట తెగులు సోకినా వందల పొలాలకు చేరుతుంది. ఫ్లోరిడాను పీడిస్తున్న నియోపెస్టలోటియాప్సిస్ ఆకుమచ్చ, పండు కుళ్ళు తెగులు నాటే మొక్కలతోనే పొలాలకు వచ్చిందన్నది అక్కడి అనుభవం.

కొరియా ఎంచుకున్న దారి

దక్షిణ కొరియా కథ వేరే కారణంతో మొదలైంది. ఆ దేశం 2002లో కొత్త వృక్ష రకాల హక్కుల అంతర్జాతీయ ఒప్పందంలో చేరింది. అప్పటికి అక్కడి స్ట్రాబెరీల్లో అత్యధికం జపాన్ రకాలే, రాయల్టీ కట్టమన్న ఒత్తిడి వచ్చింది. 2005లో నోన్‌సాన్‌లోని ప్రభుత్వ ప్రయోగ కేంద్రం సోల్‌హ్యాంగ్ అనే రకాన్ని తెచ్చింది. దిగుబడి బాగుంది, బూడిద తెగులునూ తట్టుకుంటుంది. అప్పట్లో పదో వంతు కూడా లేని దేశీ రకాల వాటా పదిహేనేళ్ళలో 95 శాతానికి చేరింది. రైతులు మారింది తెగులు నిరోధం కోసం మాత్రమే కాదు. ఎక్కువ దిగుబడి, తప్పిన రాయల్టీ, తక్కువ మందుల ఖర్చు మూడూ ఒకే మొక్కలో కలిసొచ్చాయి. తెగులు నిరోధాన్ని విడిగా అమ్మాల్సిన అవసరమే పడలేదు. అయితే ఇప్పుడు అక్కడి తోటల్లో ఎక్కువ భాగం ఒకే రకం. కాలిఫోర్నియాలో ఒక జన్యువుతో ఉన్న ప్రమాదం, కొరియాలో ఒక రకంతో ఉంది.

మహాబలేశ్వర్ నుంచి లంబసింగి దాకా

భారత్‌లో స్ట్రాబెరీ అంటే ప్రధానంగా మహారాష్ట్రలోని మహాబలేశ్వర్, పంచగని. మహాబలేశ్వర్ స్ట్రాబెరీకి 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అక్కడ నాటేవాటిలో స్వీట్ చార్లీ, వింటర్ డాన్ ఫ్లోరిడావి, కామరోసా కాలిఫోర్నియాది. తల్లి మొక్కలను విదేశాల నుంచి తెప్పించి, వేసవి, వానాకాలాల్లో పిల్లలు తీసి, సెప్టెంబరు, అక్టోబరులో నాటుతారు. అల్లూరి సీతారామరాజు జిల్లా లంబసింగి చుట్టుపక్కల చలికాలంలో పర్యాటకులు కోసుకుని కొనే తోటలకూ మొక్కలు ప్రధానంగా మహారాష్ట్ర వైపు నుంచే వస్తాయి.

విత్తన రాయల్టీ అనగానే తెలుగు రైతులకు బీటీ పత్తి గుర్తొస్తుంది. 2006లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బీటీ గుణానికి వసూలు చేసే ట్రెయిట్ ఫీజు మీద గుత్తాధిపత్య వ్యాపారాలను విచారించే కమిషన్ ఎంఆర్‌టీపీసీకి వెళ్ళింది, విత్తన ప్యాకెట్ ధర దిగొచ్చింది. స్ట్రాబెరీలో ఆ తరహా వివాదం మన దగ్గర వచ్చే అవకాశం తక్కువ. స్వీట్ చార్లీ, కామరోసా 1990ల నాటివి, పేటెంట్ గడువు తీరిపోయింది. 2001 నాటి మన వృక్ష రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం కూడా రైతు తన పంట నుంచి విత్తనం దాచుకోవడానికి, తిరిగి నాటడానికి, ఇచ్చిపుచ్చుకోవడానికి హక్కు ఇస్తుంది.

కానీ ఆ హక్కును స్ట్రాబెరీలో వాడుకోవడమే కష్టం. సొంత తోటలోని రన్నర్లను ఏటేటా నాటుకుంటూ పోతే వైరస్‌లు, శిలీంధ్రాలు పోగుపడి దిగుబడి పడిపోతుంది. పైగా లంబసింగిలో చలి కొద్ది నెలలే, మిగతా కాలం మొక్కను కాపాడుకోవడానికి నీడ, నీరు, మనిషి కావాలి. అందుకే పేటెంట్ లేకపోయినా ఏటా మొక్కలు కొనాల్సిందే. కొన్న మొక్క కుదురు కోసి చూస్తే లోపల గోధుమ రంగు చారలుంటే అది పొలానికి రాకముందే తెగులు పట్టినట్టు. చిన్న కమతంలో అరెకరం వేసే గిరిజన రైతు అలాంటి మొక్కను వెనక్కి పంపలేడు, పంపినా సీజన్ ఆగదు. ల్యాబ్‌లో పెంచి, వైరస్ పరీక్ష చేసిన తల్లి మొక్కలను చింతపల్లి లాంటి చల్లని చోటే పిల్లలు తీసి పంచే నర్సరీ ఉంటే, ఇక్కడి తోటలకు విదేశాల కొత్త రకం కన్నా ముందు అదే ఎక్కువ డబ్బు మిగులుస్తుంది. దానికయ్యే ఖర్చు మాత్రం ఒక్క రైతు పెట్టగలిగేది కాదు.